అందరికన్నా వెనక నడిచేవారు

నా ఉద్యోగ జీవితంలో అత్యధికంగా రాసిన మందు ఏదని ఎవరైనా అడిగితే, 'నడవండి' అన్న మాటేనని చెబుతాను. విన్నవారిలో ఎందరు నడిచారో తెలియదు గాని, చెప్పిన నేను మాత్రం పదవీ విరమణ చేసేదాకా నా పిల్లలతో కలిసి ఒక్క కొండ కూడా ఎక్కలేదు. ఆ బాకీని ఇప్పుడు మనవలతో తీర్చుకుంటున్నాను. విశాఖపట్నంలో ఉండేవారికి సాకులు దొరకవు. జాతీయ రహదారి పక్కనే కంబాలకొండ అభయారణ్యం దాదాపు 71 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకొని ఉంది. హైదరాబాదువారికి నగరం నడిబొడ్డున కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం, కాస్త దూరంలో అనంతగిరి కొండలు ఉన్నాయి. గుంటూరువారికి కొండవీడు, విజయవాడవారికి కొండపల్లి ఉండనే ఉన్నాయి.

కుటుంబమంతా నెలకు రెండు మార్లయినా ఇటువంటి చోట్లకు వెళ్లాలన్నది నా అభిప్రాయం. పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు, పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పిల్లల విషయంలో మరొక లాభం ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌ పాఠశాలల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన పిల్లల్లో హ్రస్వదృష్టి కొత్తగా వచ్చినవారి సంఖ్య తగ్గినట్లు 2015లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆరేడేళ్ల పిల్లలకు కళ్లద్దాలు రాయించుకొని వచ్చే తల్లిదండ్రులు దీనిని గమనించాలి.

అయితే నేను ఈ వ్యాసం రాయడానికి కారణం లాభాలు కాదు. కుటుంబాలు నడిచే తీరు చూసి నాకు భయం వేస్తున్నది.

కొన్నేళ్ల క్రితం మా కుటుంబం శ్రీవారి మెట్టు మార్గంలో తిరుమల ఎక్కింది. ఆ దారి అలిపిరికన్నా పొట్టిది, మెట్లు 2,388 మాత్రమే. దూరం తక్కువ కాబట్టి సులువని అందరూ అనుకుంటారు. నిజానికి తక్కువ దూరంలో అంత ఎత్తు ఎక్కవలసి రావడం గుండెకు ఎక్కువ శ్రమ. కుర్రవాళ్లు ముందుకు పోయారు. ఎవరు ముందు చేరతారోనని పందెం వేసుకున్నారు. నేను నడుమ ఉన్నాను. మా అన్నయ్య అందరికన్నా వెనక. సగం దాటాక తొమ్మిదేళ్ల మనవడు నా చెయ్యి లాగి, "తాతయ్యా, పెద్దతాతయ్య మాట్లాడటం లేదు" అన్నాడు. వెనక్కి దిగి చూస్తే అన్నయ్య మెట్టు మీద కూర్చొని, చెమటలు కక్కుతూ, "ఏం లేదురా, గ్యాస్" అంటున్నాడు. ఆ 'గ్యాస్' అరగంటగా ఉందట. నిలబడితే తగ్గుతున్నది, ఎక్కితే వస్తున్నది. ఆ వర్ణన నేను వైద్య విద్యార్థులకు వందల సార్లు చెప్పి ఉంటాను. యాంజియోగ్రామ్‌లో రెండు రక్తనాళాలు మూసుకుపోయే స్థితిలో కనిపించాయి. స్టెంట్లు వేశారు, బతికాడు.

ఎందుకు చెప్పలేదని తరువాత అడిగాను. మొక్కుకొని బయలుదేరి నడుమ ఆగితే అపచారమని, పైగా అందరి సరదా పాడవుతుందని మాట్లాడకుండా ఉన్నాడట. వైద్యుడైన తమ్ముడు ఇరవై మెట్ల పైనే ఉన్నాడు.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టాను. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిదే ఆనాటి వేగం. నడుస్తూ మాటలాడగలగాలి. మాట తెగిపోతే వేగం ఎక్కువైందని అర్థం, మాట పూర్తిగా ఆగిపోతే అందరూ ఆగాలి. మధుమేహం ఉన్నవారిలో గుండె ఇబ్బంది నొప్పి లేకుండా, ఉత్త ఆయాసంగానో నీరసంగానో రావచ్చు. తిరిగి పోదామని ఎవరు అన్నా, చివరికి ఏడేళ్ల పిల్ల అన్నా, కారణం అడగకుండా వెనుదిరగాలి. మొక్కు విషయానికొస్తే, అన్నయ్య కోలుకున్న పిమ్మట బస్సులో వెళ్లి తీర్చుకున్నాడు. స్వామి ఏమీ అనుకున్నట్లు లేదు.

వరుస ముందు కొస కూడా అంతే ప్రమాదం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ల చిన్నారి బలైపోయింది. కంబాలకొండలోనూ చిరుతలున్నాయి. పిల్లలు పెద్దల నడుమనే నడవాలి, పరుగు పందేలు మైదానానికి వదిలేయాలి.

దిగడం సులువని భ్రమపడకండి. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువు మోస్తాయి. మర్నాడు మెట్లు దిగలేక మూలిగేది అందుకే. మోకాళ్ల నొప్పులున్నవారు చేతికర్రతో, చిన్న అడుగులతో దిగాలి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటి మందులు వాడేవారికి నడక ముగిసిన కొన్ని గంటలకు, ఒక్కోసారి రాత్రివేళ కూడా, చక్కెర పడిపోవచ్చు. బెల్లం ముక్కో గ్లూకోజో జేబులో ఉండాలి. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం చేయకండి. ఎముక విరిగినప్పటిలా ఆ కాలిని కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ దొరికే ఆసుపత్రికి వెంటనే చేర్చండి.

పొదల్లో తిరిగి వచ్చిన వారం పది రోజులకు జ్వరం వస్తే మరొక అనుమానం పెట్టుకోవాలి. కంటికి ఆనని చిన్న పురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. చంకలోనో గజ్జల్లోనో సిగరెట్‌తో కాల్చినట్లు నల్లని పెచ్చు కొందరిలో కనిపిస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి రోగి చెప్పడు, సిగ్గుపడి చూపించడు. సకాలంలో పట్టుకుంటే డాక్సీసైక్లిన్ అనే చవక మందుతో నయమవుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అడవికి వెళ్లి వచ్చామని వైద్యునితో మీరే చెప్పండి, ఆయన అడగకపోవచ్చు.

ఇవన్నీ వింటూ మా కోడలు, "మామయ్యగారు కొండమీద కూడా ఓపీ నడుపుతారు" అంటుంది. నిజమే. గత ఆదివారం కంబాలకొండలో మా అన్నయ్య తొమ్మిది సార్లు కూర్చున్నాడు, మేమూ కూర్చున్నాం. ఆరోసారి కూర్చున్నచోట చిన్న మనవరాలు ఆకు కుట్టి కట్టిన పిట్ట గూడును చూపించింది. అది ఆ దారిలో ఎంతకాలంగా ఉందో, ఎన్నిసార్లు దాటిపోయామో!