చెమ్మ గోడకి బోర్డు ముసుగెందుకు?

ఈ మధ్య చల్లపల్లిలో ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా హాల్లో గోడని వేలితో తట్టి చూడటం నాకు అలవాటైపోయింది. డబడబమంటే అది జిప్సం బోర్డు. దాని వెనక ఏముందో ఆ ఇంటావిడకీ తెలుసు, నాకూ తెలుసు. చెమ్మ!

మనది డెల్టా. చుట్టూ కాలవలు, వరిచేలు. మోకాలెత్తు దాకా గోడ ఉప్పు పట్టడం, రంగు పొక్కడం, పెచ్చులూడటం ఏటా చూసేదే. మా పడగ్గది గోడ అలా అయినప్పుడు ఇంటీరియర్ పనులు చేసే అబ్బాయి వచ్చి, "గోడంతా చెక్కి మళ్ళీ ప్లాస్టరింగ్ ఎందుకు మేడమ్? బోర్డు బిగించేస్తా, మూడు రోజుల్లో రంగుతో సహా అయిపోతుంది" అన్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. దుమ్ముండదు, వారం రోజులు గోడ తడపక్కర్లేదు. ఆ దుమ్ము తుడిచేదీ, గోడ తడిపేదీ నేనే కాబట్టి, నిజం చెప్పొద్దూ, నాకూ కాసేపు ఆశ పుట్టింది.

అసలు ఆ బోర్డంటే ఏమిటి? రెండు మందపాటి కాగితాల మధ్య జిప్సం. కాగితానికి చెమ్మ తగిలితే బూజు పడుతుంది. అదీ వెనకవైపు, మన కంటికి ఆనకుండా. ఆ గదిలోనే పిల్లలు పడుకుంటారు. "అమెరికాలో అన్నీ ఇవే కదా" అంటారు. అక్కడ చాలావరకు చెక్క చట్రాల ఇళ్ళు, బోర్డే గోడ. అయినా 2017లో హార్వీ తుఫానుకి హ్యూస్టన్ మునిగినప్పుడు, తడిసిన బోర్డులు పీకి ఇళ్ళ ముందు గుట్టలు పోసుకున్నారు.

అంత దూరం ఎందుకు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది కదా, మా ఆడపడుచు ఇల్లు అక్కడే. నీళ్ళు తీశాక వెళ్ళాం. ఇటుక గోడలు బురద కడిగితే నిలబడ్డాయి. టీవీ వెనక కట్టించుకున్న బోర్డు మాత్రం నానిన అట్టలా చేతికి ఊడొచ్చింది. "వదినా, దీనికింకా ఈఎంఐ కడుతున్నాం" అంది.

బోర్డే వద్దనను. పొడిగా ఉన్న చోట ఫాల్స్ సీలింగుకో, మేడ మీద గదిని రెండు చేయడానికో వాడుకోండి. చెమ్మ గోడకి ముసుగుగా మాత్రం వద్దు. అలాగని పాత ప్లాస్టరింగ్ మీదే ఇంకో పూత మెత్తినా లాభం లేదు. నీళ్ళెక్కణ్ణించి వస్తున్నాయో ముందు చూడాలి. ఆపాలి. ఇటుక కనపడేదాకా చెక్కాలి, ఆరనివ్వాలి, ఆ తర్వాతే తాపీ పట్టాలి. ఈ ఆరనివ్వడమే ఎవరికీ ఓపిక లేనిది. పండగలోపు అయిపోవాలంటారు!

మా ఇంట్లో నేను పట్టుబట్టాను. మంచాలు హాల్లోకొచ్చాయి, పప్పు డబ్బాల్లోకి కూడా దుమ్మెళ్ళింది, అత్తయ్య నాతో రెండు రోజులు మాట్లాడలేదు. గోడ చెక్కుతుంటే తాపీ మేస్త్రి పిలిచి చూపించాడు. అవతల బాత్రూం పైపు సన్నగా కారుతోంది, ఎన్నాళ్ళనుంచో మరి.

ఆ పైపు కనిపెట్టింది తనేనని మా ఆయన ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు.