ఎర్రర్ రాదు, రాసి చూడండి

"వెబ్ పేజీ కోడ్‌లో తెలుగు పెట్టకూడదు, ఎర్రర్ వస్తుంది" అని పై తరగతి అన్నలు చెప్తారు. ట్యూషన్‌లోనూ అదే మాట. తెలుగు మీడియం పిల్లలం కదా, విని ఊరుకుంటాం. ఎందుకు ఊరుకోవాలి? ఆ మాట తప్పు.

పేజీలో ఒక భాగం రంగు మార్చాలన్నా, దాచాలన్నా ముందు దాన్ని పట్టుకోవాలి. అందుకు జావాస్క్రిప్ట్‌లో క్వెరీసెలెక్టర్ అనే ఆజ్ఞ ఉంది. చుక్క పెట్టి పేరు రాస్తే ఆ క్లాసు ఉన్న మొదటి భాగం దొరుకుతుంది. హ్యాష్ గుర్తు పెడితే ఆ ఐడీ ఉన్నది దొరుకుతుంది. అన్నీ కావాలంటే క్వెరీసెలెక్టర్ ఆల్. ఆజ్ఞ ఇంగ్లీషులోనే రాయాలి, నిజమే. కానీ క్లాసుకు, ఐడీకి పేరు పెట్టేది మనం. ఆ పేర్లలో తెలుగు అక్షరాలను సీఎస్ఎస్ నియమాలు ఒప్పుకుంటాయి. ".పద్యం" చక్కగా పనిచేస్తుంది. ".1పద్యం" అని అంకెతో మొదలుపెడితేనే ఎర్రర్. అంటే తప్పు తెలుగుది కాదు, అంకెది!

ఇప్పుడు మేం పెట్టే పేర్లేమిటి? బాక్స్1, బాక్స్2, బాక్స్3. వారం పోతే ఏ బాక్స్‌లో ఏముందో రాసినవాళ్లకే తెలీదు. అదే ".పద్యం .భావం" అని మధ్యలో ఖాళీ వదిలి రాస్తే, పద్యం లోపలున్న భావాలే దొరుకుతాయి. ఏం వెతుకుతున్నామో చదివితేనే అర్థమవుతుంది. అర్థమైన పేరు గుర్తుంటుంది, బట్టీ అక్కర్లేదు.

"రేపు ఉద్యోగంలో ఇంగ్లీషే కదా" అంటారు. నాలుగు భాషలవాళ్లు కలిసి పనిచేసే చోట ఇంగ్లీషు పేర్లే న్యాయం, అప్పుడు అలాగే రాస్తాం. నేర్చుకునే రోజుల్లో ఆ బరువెందుకు? ఇంకో ఇబ్బంది నిజంగానే ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయవచ్చు. కంటికి ఒకేలా ఉన్నా సెలెక్టర్‌కు అవి వేరు, భాగం దొరకదు. దానికి మందు ఒక్కటే: అందరం ఒకే కీబోర్డు వాడడం. అంతేగాని తెలుగునే మానేయడమా?

టీచర్లకు నా మనవి ఒకటే. ప్రాక్టికల్ రికార్డులో క్లాసు పేరు తెలుగులో ఉందని మార్కు కొట్టేయకండి. కోడ్ నడిచిందా లేదా, అది చూడండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎవరో చెప్పారని నమ్మకండి. ల్యాబ్‌లో రాసి చూడండి.