సర్సీ సాధించిన స్వాతంత్ర్యం

హోమరు మహాకవి ‘ఒడిస్సీ’లో సర్సీ ఒక మాయావిని. నావికులను పందులుగా మార్చడం, ఒడిసియస్‌కు లొంగిపోవడం, ఏడాదిపాటు ఆతిథ్యమిచ్చి సాగనంపడం, అంతటితో ఆమె పాత్ర సరి. 2018లో వెలువడిన మాడలిన్ మిల్లర్ నవల ‘సర్సీ’లో కథ చెప్పేది ఆమెయే.

ఆమె స్వాతంత్ర్యం మంత్రశక్తిలోనే ఉన్నదని కొందరనవచ్చు. నేను అంగీకరించను. సూర్యదేవుడైన హీలియస్ కుమార్తె అయినా తండ్రి కొలువులో ఆమెకు దక్కినది అవహేళనమే. నిర్జన ద్వీపానికి వెలివేయబడిన తరువాతనే ఆమె మూలికలు వెదకి, నూరి, పలుమార్లు విఫలమై విద్యను వశపరచుకొన్నది. శిక్షగా విధించిన ద్వీపమే ఆమెకు పాఠశాల అయినది. తనపై అత్యాచారం జరిగిన పిమ్మట నావికులను పందులుగా మార్చడం ప్రతీకారమే గాని స్వాతంత్ర్యం కాదు. కట్టకడపట అమరత్వాన్ని త్యజించి మర్త్యజీవితాన్ని కోరుకొన్ననాడే ఆమె నిజముగా స్వతంత్రురాలైనది. ఆ నిర్ణయం తండ్రిది కాదు, ప్రియునిది కాదు, ఆమెదే.

ఒకరిచ్చిన అధికారాన్ని వారే తిరిగి తీసుకొనగలరు. స్వయంకృషితో ఆర్జించిన విద్యను ఎవరూ హరించలేరు. విద్యార్థినులే గాక విద్యార్థులు కూడ ఈ నవలను ఆ దృష్టితో చదవవలెనని నా మనవి.