బిల్లుకు సిగ్నలుంది, పుండుకు లేదు

2025 అక్టోబర్ 14న ఢిల్లీలో సంతకాలయ్యాయి. అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెట్టి విశాఖలో ఏఐ హబ్ కడతానంది గూగుల్. దాని డేటా సెంటర్లకు ఎంచిన చోట్లలో మా ఆనందపురం మండలం తర్లువాడ ఒకటి. లోకమంతా అడిగే ప్రశ్నలకు ఇక మా కొండల పక్కనుంచే జవాబులు వెళ్తాయన్నమాట. సంతోషమే. నా ప్రశ్న అంత పెద్దది కాదు. ఇదే మండలానికి చెందిన మనిషి నగరంలో ఆపరేషన్ చేయించుకుని నిన్న ఇల్లు చేరి, "కుట్టు కాడ నీరు కారతంది బాబూ, ఏటి సెయ్యాలి?" అని అడిగితే జవాబిచ్చే దిక్కెవరు?

ఏ డిశ్చార్జ్ కాగితమైనా తిరగేసి చూడండి. రోగం పేరు, మందుల పేర్లు, జాగ్రత్తలు అన్నీ ఇంగ్లీషులో. అడుగున ఫలానా తేదీకి ఓపీకి రమ్మని ఒక ముక్క. ఫోన్ నంబరంటూ ఉంటే అది రిసెప్షన్‌ది. దానికి చేస్తే "డాక్టరుగారు ఓటీలో ఉన్నారు, వచ్చి చూపించుకోండి" అంటారు. రావడమంటే ఏమిటో ఆ అనేవాళ్ళకు తెలుసా? ఊళ్ళోంచి ఆటోలో ఆనందపురం జంక్షన్, అక్కడ బస్సెక్కి మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం మీదుగా నగరం, మళ్ళీ ఆటో, ఓపీ చీటీ క్యూ. పచ్చి కుట్లతో ఇదంతా. తోడొచ్చిన మనిషి కూలీ కూడా పోతుంది. పూలు కోసి తెల్లారేసరికి మార్కెట్లో దించాల్సిన ఇల్లయితే ఆ రోజు అమ్మకమూ గోవిందా. ఇంతా చేస్తే లోపల డాక్టరు ఒక్క క్షణం చూసి "ఏం ఫర్వాలేదు, డ్రెస్సింగ్ మార్చుకోండి" అంటాడు. ఒక్క ఫొటో చూసి ఇంట్లో ఉండగానే చెప్పగలిగిన మాట అది.

ఆస్పత్రులకు ఫొటోలు పంపడం, చూడడం చేతకాదని ఎవరైనా అంటే నమ్మకండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో క్లెయిమ్ డబ్బు రావాలంటే ఏం పంపాలో అడగండి. డిశ్చార్జ్ సమ్మరీ అప్‌లోడ్ చెయ్యాలి. ఆపరేషన్ కేసులైతే కోత కనపడేలా ఫొటో అప్‌లోడ్ చెయ్యాలి. సేవలు తృప్తిగా ఉన్నాయని రోగి సంతకం చేసిన లేఖ కూడా. ఇవన్నీ ఆన్‌లైన్లో చకచకా కదిలిపోతాయి. అంటే నీ పొట్ట మీద కుట్టు ఫొటో డబ్బు కోసం ఆ పథకం నడిపే ట్రస్టు దాకా వెళ్తుంది. అదే కుట్టు చీము పట్టిందని నువ్వు పంపిస్తే చూసే కన్ను లేదు. దీన్ని సాంకేతిక లోపం అనకండి. ఎవరికి జవాబు చెప్పాలో, ఎవరికి అక్కర్లేదో బాగా ఆలోచించి కట్టిన ఏర్పాటు ఇది.

ప్రైవేటు కార్పొరేట్ల సంగతి వేరే చెప్పాలా? డిశ్చార్జయిన సాయంత్రానికే మెసేజ్: మాకు ఎన్ని స్టార్లిస్తారు? ఆ మెసేజ్‌కి తిరుగు జవాబుగా "జ్వరం వచ్చింది" అని రాసి చూడండి. అటునుంచి ఉలుకూ పలుకూ ఉండదు. పండక్కి మాస్టర్ హెల్త్ చెకప్ మీద డిస్కౌంట్ వార్త మాత్రం తప్పకుండా వస్తుంది.

గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళ అవస్థ చూస్తే ఈ మౌనం ఎంత ప్రమాదమో తెలుస్తుంది. కీళ్ళవాతం జ్వరంతో కవాటం పాడై, చిన్న వయసులోనే లోహపు కవాటం పెట్టించుకునే వాళ్ళలో ఎక్కువమంది పేదలే. ఆ కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా బతికినంతకాలం ఎసిట్రామ్ లాంటి మాత్ర వేసుకోవాలి. మోతాదు తక్కువైతే గడ్డ మెదడుకి పోయి పక్షవాతం, ఎక్కువైతే రక్తస్రావం. మధ్యలో జ్వరమనో నొప్పులనో వాడిన మరో మాత్ర కూడా ఈ లెక్కను తారుమారు చేస్తుంది. అందుకే రక్తం ఎంత వేగంగా గడ్డకడుతోందో చూసే పీటీ-ఐఎన్‌ఆర్ పరీక్ష తరచుగా. ఆ పరీక్ష దగ్గర్లోని ల్యాబులో చేయించుకోవచ్చు. వచ్చేది ఒక్క అంకె. దాన్ని చూసి మాత్ర పెంచాలా, తగ్గించాలా, అలాగే ఉంచాలా అని చెప్పడానికి స్టెతస్కోపు కూడా అక్కర్లేదు. ఆ అంకె పంపడానికి ఒక నంబరు, చూసి తేల్చే ఒక మనిషి ఉంటే చాలు. ఆ మనిషి లేక రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని, వచ్చే నెల ఓపీ దాకా పాత మోతాదే మింగుతారు. లక్షలు పోసి పెట్టిన కవాటాన్ని ఒక్క మెసేజ్‌కి దిక్కులేక పోగొట్టుకోవడం! నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. మన వైద్యం నారు పోసి గట్టు దిగి పోతోంది.

చట్టం ఒప్పుకోదంటారేమో. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు చదవండి. ఫోన్, వీడియో, వాట్సాప్, ఈమెయిల్ అన్నీ చెల్లుతాయి. నేరుగా చూసిన ఆరు నెలల్లోపు అదే డాక్టరు అదే జబ్బుకు దూరం నుంచి సలహా చెబితే దాన్ని ఫాలో-అప్ కిందే లెక్కేస్తారు. అయిదేళ్ళు దాటిపోయింది. ఇంకేం అడ్డం? మన రాష్ట్ర ప్రభుత్వమే 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవల్ని వాట్సాప్‌లో పెట్టింది. కరెంటు బిల్లు కట్టుకోవచ్చు, సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. కోసి పంపిన ఆస్పత్రితో మాట్లాడే దారి మాత్రం అక్కడా లేదు. కేంద్రం టెలీవైద్య సేవ ఈ-సంజీవనిలో ఊరి క్లినిక్ నుంచి డాక్టరు దొరుకుతాడు, నిజమే. కానీ కోసినవాడు కాదు.

డాక్టర్లకు తీరికెక్కడిదని ఒక వాదన. ఒప్పుకుంటాను. ఉత్తరాంధ్ర మొత్తాన్నీ, ఒడిశా సరిహద్దునీ మోస్తున్న విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) పీజీ పిల్లల మీద ఇంకో బరువు వెయ్యమని నేను అడగడం లేదు. ఈ ప్రశ్నల్లో ఎక్కువ భాగానికి తర్ఫీదున్న నర్సు జవాబు చెప్పగలదు. మిగతావి డాక్టరుకి చేరవేస్తుంది. ఆ నర్సుకి జీతం కావాలి, డ్యూటీ వేళలు కావాలి. ఇప్పుడు జరుగుతున్నదేమిటి? మంచి డాక్టరు జాలిపడి సొంత నంబరిస్తాడు, రాత్రిళ్ళు నిద్ర పాడుచేసుకుంటాడు. ఆ నంబరు కూడా పలుకుబడి ఉన్నవాడికే దొరుకుతుంది. లేనివాడు మెడికల్ షాపుకో ఆర్‌ఎంపీకో వెళ్తాడు. ఆశా అమ్మాయిని అడుగుతాడు. ఆమె చేతిలో డిశ్చార్జ్ సమ్మరీయే ఉండదు!

అమెరికాలో 2012 అక్టోబర్ నుంచి, డిశ్చార్జయిన నెలలోపు లెక్కకు మించి రోగులు తిరిగొచ్చి చేరే ఆస్పత్రులకు ప్రభుత్వ బీమా మెడికేర్ చెల్లింపుల్లో కోత పెడుతున్నారు. కోత మొదలయ్యాక ఇంటికి పంపినవాళ్ళకు ఫోన్లు చేసి మందులేసుకున్నారా అని అడగడం ఆస్పత్రులకు గుర్తొచ్చింది. జాలి పుట్టి కాదు, జేబుకి తగిలి. మనకీ అదే మందు పడాలి. ఎన్టీఆర్ వైద్యసేవ ప్యాకేజీలో డిశ్చార్జ్ తర్వాత పది రోజుల మందులు కలిసే ఉన్నాయి. ఆ మందుల గురించి అడిగే ప్రశ్నకు జవాబునూ అందులో కలపండి. జవాబిచ్చినట్టు రికార్డు లేకపోతే క్లెయిమ్‌లో కొంత ఆపండి.

ఇక బాట్ పెట్టేస్తే సరిపోతుందనే తెలివైనవాళ్ళకు ఒక మాట. మాత్ర వేళ గుర్తు చెయ్యడానికి బాట్ చాలు. కాలు వాచిందనే మనిషిని ఇవాళే రమ్మనాలా, రేపు చూద్దామనాలా అన్నది తేల్చి, తేడా వస్తే బాధ్యత మోసే మనిషి వెనక ఉండాలి. పైగా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-20) ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు నూటికి 21 మందే. మంచం పక్కన కూర్చుని చాకిరీ చేసేది వాళ్ళే. కాబట్టి యాప్ దించుకోమంటే కుదరదు. మామూలు ఫోన్ చేస్తే తెలుగులో ఎత్తాలి. ఏ వేళల్లో ఎత్తుతారో, ఎంతసేపట్లో జవాబిస్తారో, ఆయాసమో గుండెనొప్పో వస్తే ఈ నంబరు కోసం చూడకుండా 108కి చెయ్యమనీ కాగితం మీద తెలుగులో అచ్చువేయాలి. ఆడవాళ్ళ గాయాల ఫొటోలు వార్డుబాయ్ సొంత ఫోన్లో పోగవకుండా ఆస్పత్రి ఫోనే వాడాలి. 2023లో డేటా రక్షణ చట్టం చేసుకున్నది ఇలాంటి వాటికే.

ప్రభుత్వం కదిలేదాకా ఆగకండి. రేపు మీవాళ్ళను డిశ్చార్జ్ చేసేటప్పుడు తృప్తి లేఖ మీ ముందు పెడతారు. ఇంటికెళ్ళాక ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ మనిషి పేరు, నంబరు, వేళలు డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి. అక్కడే నిలబడి ఆ నంబరుకి ఒకసారి చేసి, ఎత్తారో లేదో చూసుకోండి. ఎత్తాకే సంతకం పెట్టండి.