పద్యం కవిది, ప్రతిఫలం ఎవరిది?

పుదుచ్చేరి: కవిత్వాన్ని నమ్ముకుని బతకడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు ఈ పట్టణంలోని రెండు ఇళ్ళు జవాబు చెబుతాయి. ఈశ్వరన్ ధర్మరాజా కోయిల్ వీధిలోని ఇంట్లో మహాకవి సుబ్రహ్మణ్య భారతి, పెరుమాళ్ కోయిల్ వీధిలోని ఇంట్లో ఆయన శిష్యుడు భారతీదాసన్ నివసించారు. రెండూ నేడు స్మారక మ్యూజియంలు. గురువు పత్రికారచన మీద, శిష్యుడు బడిపంతులు జీతం మీద బతికారు. పద్యం ఒక్కటే ఇద్దరిలో ఎవరికీ కూడు పెట్టలేదు.

భారతి 1904లో మద్రాసులోని ‘స్వదేశమిత్రన్’ పత్రికలో ఉపసంపాదకుడిగా చేరారు. ఇంగ్లీషు వార్తలను, ప్రసంగాలను తమిళంలోకి అనువదించడం అక్కడ ఆయన ప్రధాన విధి. నెల తిరిగేసరికి జీతం తెచ్చిపెట్టింది ఆ అనువాదమే. కవులు పత్రికా కార్యాలయాల్లో తలదాచుకోవడం తెలుగువారికీ కొత్త కాదు. 1907లో ఆయన దేశభక్తి గీతాలు చిన్న పుస్తకంగా వెలువడ్డాయి. ఖర్చు భరించింది రాజకీయంగా ఆయనకు ప్రత్యర్థి వర్గమైన మితవాదుల నాయకుడు వి. కృష్ణస్వామి అయ్యర్ కావడం విశేషం. ప్రతులను ఉచితంగా పంచిపెట్టారు. పేరు వచ్చింది గాని ఆదాయం రాలేదు.

1908లో ‘ఇండియా’ వారపత్రికపై రాజద్రోహం కేసు రావడంతో భారతి ఫ్రెంచి పాలనలోని పాండిచ్చేరికి తరలివచ్చారు. పత్రికా ఆయన వెంటే వచ్చింది. బ్రిటిష్ పోలీసులకు ఇక్కడ ఆయనను అరెస్టు చేసే అధికారం లేదు. అయితే చందాదారులందరూ సరిహద్దు అవతలే ఉన్నారు. ఈ వైరుధ్యాన్ని బ్రిటిష్ ప్రభుత్వం చక్కగా గుర్తించింది. అచ్చుయంత్రాన్ని ఆపలేకపోయినా తపాలాను ఆపగలిగింది. బ్రిటిష్ ఇండియాలోకి ప్రవేశం నిషేధించిన తర్వాత 1910 మార్చిలో ‘ఇండియా’ మూతపడింది. ఆయన సంబంధమున్న ‘విజయ’ తదితర పత్రికలకూ అదే గతి పట్టింది. రాసుకునే స్వేచ్ఛ ఉండి, అమ్ముకునే దారి లేని కవి పరిస్థితి ఎలా ఉంటుందో తర్వాతి ఎనిమిదేళ్ళు చూపాయి.

విచిత్రమేమంటే ఆయన ఉత్తమ కావ్యాలన్నీ దాదాపు ఆ ఏళ్ళలోనివే. ‘పాంచాలి శపథం’ మొదటి భాగం 1912లో వెలువడింది. రెండవ భాగం పుస్తకరూపం పొందింది కవి మరణానంతరమే. ‘కణ్ణన్ పాట్టు’ను 1917లో మద్రాసులో పరలి సు. నెల్లైయప్పర్ అనే అభిమాని ప్రచురించారు. ఇల్లు గడిచింది మిత్రుల సాయంతో, అప్పుడప్పుడు ‘స్వదేశమిత్రన్’ పంపే ప్రతిఫలంతో. అద్దె కోసం వచ్చి, పాట విని, అడగకుండానే వెళ్ళిపోయిన ఇంటి యజమాని ఒకరు ఆనాటివారి జ్ఞాపకాలలో కనిపిస్తారు. కవి ఖాతాలో ఆ బాకీని ఏ పద్దు కింద రాయాలో ఆర్థికవేత్తలే చెప్పాలి.

భారతికి లెక్కలు తెలియవనుకుంటే పొరపాటు. 1918 నవంబరులో పాండిచ్చేరి వదిలిన వెంటనే అరెస్టయి, కొద్ది వారాలకు విడుదలైన ఆయన, 1920లో తన రచనలన్నింటినీ 40 సంపుటాలుగా ప్రచురించే పథకాన్ని సిద్ధం చేశారు. సంపుటానికి 10 వేల ప్రతులు, వెరసి 4 లక్షలు. తొలి పెట్టుబడి 20 వేల రూపాయలు. ఒకటి రెండేళ్ళలో లక్షన్నర లాభం వస్తుందని అంచనా వేశారు. కిరసనాయిలు, అగ్గిపెట్టెలకన్నా సులువుగా తన పుస్తకాలు అమ్ముడుపోతాయని ఆయన ధీమా. మిత్రులను విరాళం అడగలేదు, అప్పు అడిగారు. అప్పు పుట్టలేదు. 1921 సెప్టెంబరులో 38వ ఏట ఆయన కన్నుమూశారు.

అంచనా తప్పు కాదని తర్వాతి చరిత్ర రుజువు చేసింది. 1928లో ప్రభుత్వం ఆయన గీతాల ప్రతులను జప్తు చేస్తే మద్రాసు శాసనమండలిలో దుమారం చెలరేగింది. 1931లో సవతి తమ్ముడు సి. విశ్వనాథన్ ప్రచురణ హక్కులను 4 వేల రూపాయలకు తీసుకున్నారు. గ్రామఫోను, ప్రసార హక్కులు వేరుపడి ఒక వ్యాపారి చేతికి, ఆయన నుంచి చిత్రనిర్మాత ఎ.వి. మెయ్యప్పన్ చేతికి వెళ్ళాయి. 1947 నాటి ‘నామ్ ఇరువర్’ చిత్రంలో భారతి పాటలు మారుమోగాయి. మరొక సంస్థ అదే కవి పాటను తన చిత్రంలో వాడుకోబోతే హక్కుల వివాదం తలెత్తింది. ప్రజల కవి పాటకు ఒక సంస్థ యజమాని ఏమిటన్న ఆందోళన పెరగడంతో 1949లో మద్రాసు ప్రభుత్వం హక్కులను స్వాధీనం చేసుకుంది. మెయ్యప్పన్ పరిహారం కోరలేదు. విశ్వనాథన్‌కు 15 వేలు, కవి భార్య చెల్లమ్మకు, ఇద్దరు కుమార్తెలకు తలా 5 వేలు చెల్లించారు. విశ్వనాథన్ ఏళ్ళ తరబడి శ్రమించి రచనలను అచ్చులో నిలిపిన మాట నిజమే. అయినా బ్రతికుండగా కవికి దొరకని 20 వేల అప్పు పక్కన ఈ అంకెలను పెట్టి చూడక తప్పదు.

శిష్యుడి దారి వేరు. 1909లో ఉపాధ్యాయుడిగా చేరిన భారతీదాసన్ 1946 వరకు ఆ ఉద్యోగం వదలలేదు. ఆ ఏడే సి.ఎన్. అన్నాదురై చొరవతో అభిమానులు ఆయనకు 25 వేల రూపాయల నిధి సమర్పించారు. అది రాయల్టీ కాదు, సన్మానం. సినిమాలకు మాటలు, పాటలు కూడా రాసిన ఆయన, చివరి రోజుల్లో తన ‘పాండియన్ పరిసు’ను చలనచిత్రంగా తీయాలని మద్రాసు చేరారు. అది నెరవేరకుండానే 1964లో మరణించారు.

తెలుగునాట శ్రీశ్రీ 1930లలో రాసిన ‘మహాప్రస్థానం’ గీతాలు పుస్తకంగా రావడానికి 1950 వరకు ఆగవలసి వచ్చింది. నేటికీ తెలుగు కవి సొంత డబ్బుతో కొన్ని వందల ప్రతులు అచ్చు వేయించుకుని, ఆవిష్కరణ సభలో సగం పంచి, మిగిలినవి అటక మీద దాచుకోవడమే మామూలు. ఇంటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతున్నా, స్థానిక సంస్థలు దానిని సకాలంలో జమ చేయడం లేదన్న ఫిర్యాదు పాతదే. సెస్సు అందక గ్రంథాలయాలు కొనుగోళ్ళు తగ్గిస్తే ముందు వేటు పడేది కవిత్వం మీదనే.

చట్టం మాత్రం భారతి కాలం నాటికన్నా కవి పక్షాన ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాతపూర్వకంగా సంతకం చేయని హక్కుల బదిలీ చెల్లదు. గడువు రాయకపోతే అయిదేళ్ళనే భావించాలి. 2012 సవరణ మరో అడుగు వేసింది. ఒప్పందం నాటికి లేని మాధ్యమాల హక్కులను, అందులో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, బదిలీ అయినట్లు పరిగణించరాదు. సినిమాలో వాడిన గీతానికి థియేటర్ ప్రదర్శన కాక ఇతర వినియోగాలపై వచ్చే రాయల్టీ వాటాను రచయిత వారసులకు, కాపీరైట్ సంఘానికి తప్ప మరెవరికీ రాసి ఇవ్వడానికి వీలులేదు. 1930లలో ఈ నిబంధనలే ఉంటే భారతి పాటల హక్కులు అన్ని చేతులు మారడం అంత తేలిక అయ్యేది కాదు. మన కవులకు, ప్రచురణకర్తలకు మధ్య ఒప్పందాలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తున్నాయి. కవి మరణించిన తర్వాత 60 ఏళ్ళ వరకు హక్కులు కుటుంబానికి ఉంటాయి. ఆ లెక్కన 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలపై హక్కుల గడువు 2043 చివరకు గాని తీరదు.