మొదటి చీటీ అబ్బాయి పేరు మీద

కోయంబత్తూరు, మదురై వైపు తెలుగువాళ్లం వచ్చి స్థిరపడి తరాలు గడిచిపోయాయి. నాయకరాజుల కాలంలో వచ్చినవాళ్లూ ఉన్నారు. మిల్లులు పెట్టాం, కాలేజీలు కట్టాం, ఫౌండ్రీలు నడుపుతున్నాం. పెళ్లయి రెండేళ్లు దాటినా కోడలు నెల తప్పకపోతే మాత్రం ఇప్పటికీ ఆమెనే తిప్పుతాం. తిరుకరుకావూరు గర్భరక్షాంబిక గుడికి, రామేశ్వరానికి, ఆ తర్వాత స్కానింగుకి. కోయంబత్తూరులో వీర్య పరీక్షలు చేసి రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్‌గా చెబుతున్నాను: ఇది అన్యాయం.

"మా వాడికెందుకమ్మా టెస్టు? గుండ్రాయిలా ఉంటాడు" అన్నారు ఓ అత్తగారు. బతిమాలితే పంపారు. కౌంటు బాగానే వచ్చింది. "చూశావా, లోపం మా వాడిలో లేదు" అని రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ కోడలికి అప్పటికే రెండుసార్లు గర్భం పోయింది.

కౌంటు అంటే తలల లెక్క. తలలో సరుకు ఎలా సర్దుకుందో అది చెప్పదు. మీటరు పొడవు డీఎన్ఏ, మిల్లీమీటరులో రెండువందలవ వంతు ఉన్న తలలో ఇమడాలి. మామూలు కణాల్లో డీఎన్ఏ హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది, కండెకు చుట్టిన నూలులాగా, కావలసినప్పుడు విప్పుకోవచ్చు. వీర్యకణానిది దూరప్రయాణం గనుక నూలును బేలు కట్టాల్సిందే. అందుకని వృషణాల్లోనే హిస్టోన్లు చాలావరకు దిగిపోతాయి. కొన్నాళ్లు ట్రాన్సిషన్ ప్రొటీన్లు వాటి చోట నిలబడతాయి, చివరికి ప్రొటమిన్లు వచ్చి కూర్చుంటాయి. ఎలుకల్లో ఈ మధ్యదశ ప్రొటీన్ల మీద బెంగళూరులో ఎం.ఆర్.ఎస్. రావు గారి బృందం ఏళ్ల తరబడి పనిచేసింది.

ప్రొటమిన్‌లో దాదాపు సగం ఆర్జినినే. దాని ధనావేశం డీఎన్ఏ రుణావేశాన్ని పట్టేసి దగ్గరకు లాగుతుంది. ఆపైన సిస్టీన్ల మధ్య గంధకపు బంధాలు పడి, బేలుకు ఇనుప పట్టీ వేసినట్టు బిగుస్తుంది. అండంలోకి చేరాక ఆ పట్టీలు తెంచి, తల్లి తన హిస్టోన్లతో డీఎన్ఏను మళ్లీ చుట్టుకుంటుంది. మనుషుల్లో ప్రొటమిన్లు రెండు రకాలు, ఇంచుమించు సమపాళ్లలో ఉండాలి. ఆ పాళ్లు తప్పిన మగవాళ్లలో సంతాన సమస్యలు ఎక్కువగా కనిపిస్తాయి.

స్లైడు మీద అనిలిన్ బ్లూ అనే రంగు వేస్తే బేలు సరిగ్గా బిగిసిందో లేదో కంటికే తెలుస్తుంది. హిస్టోన్లు దిగకుండా మిగిలిన తలలు నీలంగా తేలతాయి. ప్రొటమిన్‌తో సరిగ్గా బిగిసినవాటికి రంగు దాదాపు పట్టదు. కౌంటులో మాత్రం రెండూ ఒక్కో అంకెగానే పడతాయి.

ప్రొటమిన్ కొత్త సంగతేమీ కాదు. 1874లోనే మీషర్ అనే శాస్త్రవేత్త రైన్ నది సాల్మన్ చేపల వీర్యంలో దాన్ని కనిపెట్టాడు. గుండె ఆపరేషన్‌లో రక్తం గడ్డకట్టకుండా వేసిన హెపారిన్‌ను చివర్లో విరిచే మందు కూడా ఇదే. చాలాకాలంగా చేప వీర్యం నుంచే తీస్తున్నారు. బైపాస్ చేయించుకుని ఆ ఇంజెక్షన్ ఎక్కించుకున్న మా పెద్దమనుషులే, కొడుకు శాంపిల్ ఇవ్వాలంటే పరువు పోయినట్టు చూస్తారు!

వృషణాలు ఒంటికంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే వాటిలో ఈ బేలు కట్టే పని సాగుతుంది. మా ఊరి ఫౌండ్రీల్లో కొలిమి ముందు షిఫ్టంతా నిలబడేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. పొగతాగడం, అదుపులో లేని షుగర్, వెరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం) కూడా వీర్యకణాల డీఎన్ఏకు చేటే. ఒక వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది గనుక, అలవాటు మానినా ఫలితం కోసం మూడు నెలలు ఆగాలి.

అలాగని డీఎన్ఏ ఎంత తెగిపోయిందో చూసే ఫ్రాగ్మెంటేషన్ టెస్టు అందరికీ మొదటి రోజే రాసేయడం నాకు నచ్చదు. అమెరికా వైద్యసంఘాల 2020 మార్గదర్శకాలు కూడా మొదటి విడతలో అది వద్దనే అన్నాయి. గర్భాలు మళ్లీమళ్లీ పోతున్నప్పుడు మాత్రం చేయమన్నాయి. ముందు మామూలు వీర్య పరీక్ష చాలు, దానికి ఖర్చూ తక్కువే. అత్తగార్లకూ మామగార్లకూ నా విన్నపం ఒక్కటే: డాక్టరు దగ్గర మొదటి చీటీ మీ అబ్బాయి పేరు మీద రాయించండి. కౌంటు బాగుందని వచ్చినా, కోడలికి గర్భాలు పోతుంటే అబ్బాయిని ఇంకోసారి తీసుకెళ్లండి.