పాత రంగు వదిలించే ముందు...

2025 వేసవిలో మా అమ్మ మా దగ్గరికి ఇంగ్లాండు వచ్చింది. ఓ శనివారం పొద్దున్నే గరాజ్‌లోంచి గుప్పుమని డెట్టాల్ వాసన రావడంతో కంగారుగా వచ్చి "ఎవరికి దెబ్బ తగిలిందిరా?" అంది. ఎవరికీ తగల్లేదు. నేను ఖాళీ అయిన ఊరగాయ సీసాలో డెట్టాల్ పోసి, అందులో అంగుళం పైచిలుకు ఎత్తున్న సైనికుల బొమ్మలు పది నానబెడుతున్నానంతే. సీసా వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "ఇందుకా నిన్ను ఇంజనీరింగ్ చదివించింది" అన్నట్టు మొహం పెట్టి వెళ్ళిపోయింది :)

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. వార్‌హామర్ అని ఒక ఆట ఉంది. గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీది. ఈ కంపెనీ 1975లో లండన్‌లో మొదలైంది, ఇప్పుడు నాటింగ్‌హామ్‌లో ఉంది. ఆట 1983లో వచ్చింది, దాని అంతరిక్ష అవతారం వార్‌హామర్ 40,000 1987లో. బల్ల మీద రెండు సైన్యాలు పెట్టుకుని, పాచికలు వేసి, టేపుతో దూరాలు కొలుచుకుంటూ ఆడతారు. కిటుకేంటంటే బొమ్మలు రంగుల్లేకుండా, ముక్కలుగా వస్తాయి. కత్తిరించుకోవాలి, అతికించుకోవాలి, సన్నటి కుంచెతో రంగులేసుకోవాలి. చాలామందికి ఆట కన్నా ఈ రంగులేసుకోవడమే అసలు సరదా. నేనూ ఆ బాపతే. రోజంతా స్క్రీన్ చూసిన కళ్ళకి సాయంత్రం ఓ బొమ్మ బెల్టు మీద బకిల్‌కి రంగేయడం ఎంత హాయో!

కొత్త పెట్టెలు కొనాలంటే జేబుకి చిల్లే. అందుకని సెకండ్ హ్యాండ్‌లో కొంటాం. ఎవరో ఎప్పుడో ఇంటి గోడకి వేసినంత మందంగా రంగు పూసిన బొమ్మలు వస్తాయి. ఆ రంగు కింద ముక్కూ మూతీ కనపడవు. అప్పుడు పాత రంగు వదిలించాలి. ఇక్కడి వాళ్ళకి దానికి పాతకాలం నుంచీ తెలిసిన చిట్కా డెట్టాల్. నీళ్ళు కలపకుండా ఒక రోజు నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్దితే రంగు మెత్తటి బురదలా ఊడొస్తుంది. ఒక్క జాగ్రత్త. మధ్యలో నీళ్ళు తగలకూడదు. తగిలిందా, ఆ బురద కాస్తా తారులా మారి బొమ్మకీ బ్రష్‌కీ వేళ్ళకీ అంటుకుంటుంది. ముందు ఇంకో గిన్నెలో కొత్త డెట్టాల్‌తోనే కడిగి, ఆ తరవాతే సబ్బునీళ్ళకి వెళ్ళాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. రెండు బ్రష్‌లు పోయాక తెలిసింది.

ఇంకోటి కూడా అనుభవం మీదే నేర్చుకున్నా. మా ఆవిడ నెయిల్ పాలిష్ రిమూవర్ తీసుకుని ఓ బొమ్మ మొహం తుడిచా. రంగు పోయింది, దాంతోపాటు మొహమూ పోయింది. అందులో అసిటోన్ ఉంది, బొమ్మ పాలీస్టైరీన్ ప్లాస్టిక్. అసిటోన్‌లో అది కరిగిపోతుంది. అదే లోహపు బొమ్మకైతే ఏమీ కాదు. రెసిన్ బొమ్మలు వేరే రకం, కొన్ని ఆల్కహాల్‌కే మెత్తబడిపోతాయి. కాబట్టి మొదట బొమ్మ దేనితో చేసిందో తెలుసుకోవాలి. తరవాత అన్నిటికన్నా మెతక మందుతో, ఒకే ఒక్క బొమ్మ మీద ప్రయత్నించాలి. 1990ల దాకా వచ్చిన లోహపు బొమ్మల్లో చాలావాటిలో సీసం, అంటే లెడ్ కలిసేది. పిల్లలున్న ఇంట్లో వాటిని ఆకురాయితో రుద్ది పొడి లేపకండి. చేతులు కడుక్కోకుండా అన్నం ముందు కూర్చోకండి. గ్లవ్స్ వేసుకోండి, కిటికీ తీయండి. ఇంట్లో పిల్లి ఉంటే డెట్టాల్ దాని దరిదాపులకి రానీయకండి, పిల్లులకి అది విషం.

సరే, ఉచిత సలహాలు అయిపోయాయి. అసలు విషయానికొస్తాను.

అమ్మ చూసిన ఆ సీసాలో ఉన్న పది బొమ్మలు కొన్నవి కావు. మావాడు 2020 లాక్‌డౌన్‌లో, ఏడేళ్ళప్పుడు, మొదటిసారి రంగులేసినవి. అన్నిటికీ ఎర్ర మొహాలే. ఎందుకంటే వాడి దగ్గర ఎర్ర రంగు ఎక్కువుంది. కళ్ళు ఒకటి నుదుటి మీద, ఒకటి చెవి దగ్గర. ఇప్పుడు వాడు నాకన్నా బాగా వేస్తాడు. ఆ రోజు వాడే వచ్చి "నాన్నా, వీటిని చూస్తే సిగ్గేస్తోంది, డెట్టాల్లో వేసేద్దాం" అన్నాడు. నేనొక్క క్షణం కూడా ఆలోచించలేదు. పైగా డెట్టాల్ విద్యలో ఆరితేరినవాణ్ణి కదా, ఉత్సాహంగా పదీ ఒకేసారి ముంచేశా. మర్నాటికి పది బొమ్మలూ బూడిద రంగులో, కొత్తవాటిలా. ఇద్దరం తెగ మురిసిపోయాం.

రెండు నెలల తరవాత మా పాప, ఆరేళ్ళది, అన్నని చూసి తనూ రంగులేస్తానని కూర్చుంది. గంట కష్టపడింది. తీరా చూసుకుంటే మొహం మీద రంగు ముద్ద. అన్నయ్య బొమ్మ పక్కన పెట్టి చూసుకుని ఏడుపు మొదలెట్టింది, "నాకు రాదు, నేనింక వెయ్యను" అని. మావాడు "నాది ఇంతకన్నా దరిద్రంగా ఉండేదే, ఉండు చూపిస్తా" అని బీరువా తలుపు తీశాడు. తీసి అలాగే నిలబడిపోయాడు. చూపించడానికి ఏముంది? ఉన్నవన్నీ వాడు తరవాత వేసిన మంచివే. "నిజమే, నాదీ ఇలాగే ఉండేది" అని వాడు ఎంత చెప్పినా పాప నమ్మలేదు. పిల్లలు కళ్ళతో చూసిందే నమ్ముతారు మరి.

అప్పటినుంచీ నా అభిప్రాయం మారిపోయింది. రంగు వదిలించడాన్ని మేమందరం శుభ్రం చేయడం అనుకుంటాం. కాదు, అది చెరిపేయడం. మన భాషలో చెప్పాలంటే బ్యాకప్ లేకుండా డ్రాప్ టేబుల్ కొట్టడం. "ముందు ఫోటో తీసుకోవచ్చుగా" అంటారు కొందరు. తీసుకోవచ్చు. కానీ ఫోన్లో ఉన్న వేల ఫోటోల్లో అదొకటి. ఆరేళ్ళ పిల్ల చేతిలో పెట్టి తిప్పి చూసుకోవడానికి పనికిరాదు.

అలాగని అసలు వదిలించొద్దని నేననడం లేదు. రంగు మందమై ఆకారమే కనపడకపోతే నిరభ్యంతరంగా వదిలించండి. సైన్యమంతా ఒకే రంగులో ఉండాలన్న కోరికా తప్పు కాదు. పారేయాల్సిన ప్లాస్టిక్ మళ్ళీ వాడకంలోకి వస్తోంది, డబ్బూ మిగులుతోంది. నేను వద్దనేది ఒక్క కారణానికే, "ఇప్పుడు నేను ఇంతకన్నా బాగా వేస్తాను" అన్న కారణానికి. బాగా వేస్తున్నావని తెలియడానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ పాత బొమ్మే కదా! దాన్నే కడిగేస్తే ఎట్లా?

మన ఉద్యోగాల్లోనూ ఇదే చూస్తున్నాను. కొత్తగా చేరిన కుర్రాళ్ళు మన చక్కటి కోడ్ చూసి బెంబేలెత్తిపోతారు. పదిహేనేళ్ళ కింద మనం రాసిన నాలుగొందల లైన్ల ఫంక్షన్ ఒక్కటి చూపిస్తే వాళ్ళకి ఎంత ధైర్యం! నా మొదటి ప్రోగ్రాము ఫ్లాపీలో ఉండేది, ఆ ఫ్లాపీ ఎప్పుడో పోయింది. అప్పుడు తెలివి లేదు అనుకుందాం. ఇప్పుడు ఉండి చేసిందేముంది? మావాడివి నేనే నా చేత్తో ముంచాను.

ఇదంతా ఫోన్లో అమ్మకి చెప్తే నవ్వింది. "మన బొమ్మల కొలువులో ముక్కు విరిగిన తాత బొమ్మని ఏ ఏడాదైనా తీసేశామట్రా? వెనక వరుసలో పెట్టేవాళ్ళం" అంది. నిజమే. మా అమ్మమ్మ పుట్టింటి నుంచి వచ్చిన మట్టిబొమ్మ అది. రంగు వెలిసిపోయింది. ప్రతి సంక్రాంతికీ పొడిగుడ్డతో తుడిచి పెట్టేది అమ్మ.

ఇప్పుడు మా బీరువాలోనూ ఒక వెనక వరుస ఉంది. పాప వేసిన ఆ మొదటి బొమ్మ అక్కడ చేరింది. నేను మొదట్లో వేసినవాటిలో పెట్టె అడుగున దొరికిన ఒకటి దాని పక్కన పెట్టాను, అది పాపదానికన్నా ఘోరంగా ఉంది. దాన్ని చూసి ఫక్కున నవ్వి పాప మళ్ళీ కుంచె పట్టుకుంది. మావాడివి మాత్రం ఆ వరుసలో ఒక్కటీ లేదు.

మీ ఇంట్లో పిల్లలు వేసినవి ఏవైనా ఉంటే, బొమ్మలే కానక్కర్లేదు, కనీసం ఒక్కటి వెనక వరుసలో పెట్టండి. వాళ్ళే వచ్చి పారేయమన్నా సరే. ఏమంటారు?